చంకలో పిల్ల, ఊరంతా వెతుకులాట

మార్చి నెల అనగానే మన ఐటీ జనాలకి రెండు విషయాలు గుర్తొస్తాయి. ఒకటి అప్రైజల్. రెండోది, అమెరికా వాళ్ళు గడియారాలు గంట ముందుకి జరుపుకోవడం. మొదటిదానికి బీపీ పెరుగుతుంది. రెండోదానికి సాయంత్రం ఏడున్నర కాల్ ఆరున్నరకి వస్తుంది కాబట్టి, అన్నం వేళకి ఇంటికి చేరొచ్చని ప్రాణం కాస్త లేచొస్తుంది. 2024 మార్చిలో ఈ రెండూ కలిసి నా చేత ఓ వెధవ పని చేయించాయి. ఏదో వాటి మీదకి తోసేస్తున్నా గానీ, చేసింది నేనే.

చెప్పుకోవడానికి ఏమంత గొప్పగా లేదు. కానీ మనలో చాలామంది రోజూ చేసే పని మరొకరి కోడ్‌లో తప్పులు వెతకడమే కదా. ఆ వెతకడంలో నా కళ్ళు నన్నే ఎలా మోసం చేశాయో చెప్తే ఎవరికైనా పనికొస్తుందేమోనని రాస్తున్నా.

అప్పటికి నాకు ఆరేళ్ళ అనుభవం. ప్రొడక్షన్‌లో ఏదైనా తేడా వస్తే ముందు నాకే ఫోన్ వచ్చేది. దాంతో, "మనం చూస్తే బగ్ దొరక్కుండా పోతుందా" అని లోపల్లోపల కాస్త మురిసిపోతుండేవాణ్ణి కూడా. మా టీమ్‌లో ఓ జూనియర్ ఉండేవాడు. పేరెందుకు లెండి, నేను తమ్ముడూ అనేవాణ్ణి, తను అన్నా అనేవాడు. శ్రీకాకుళం జిల్లాలో పల్లెటూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. తర్వాత పాలిటెక్నిక్ చేసి, ఈసెట్ రాసి ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలోకి నేరుగా వచ్చాడు. పని బాగానే చేసేవాడు. కానీ క్లయింట్ కాల్‌లో తనని ఏదైనా అడిగితే మ్యూట్ తీసి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ మ్యూట్ పెట్టేసే రకం. ఆ ఖాళీలో నేనో మా మేనేజరో దూరిపోయి సమాధానం చెప్పేసేవాళ్ళం.

చేరిన కొత్తలో ఒకసారి టెస్ట్ సర్వర్ అనుకుని డెమో నడుస్తున్న సర్వర్‌ని రీస్టార్ట్ చేశాడు. పది నిమిషాలు డెమో ఆగిపోయింది. ఆ రోజు నుంచీ నా బుర్రలో అతని పేరు పక్కన "తొందరపాటు మనిషి" అని చీటీ ఒకటి అతుక్కుపోయింది. నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది ఏకంగా ఓ టేబుల్‌నే డిలీట్ చేసి రాత్రంతా కూర్చుని బ్యాకప్ నుంచి తెచ్చుకున్నాను. మరి దాన్నేమో ఇంటర్వ్యూల్లో "నేను నేర్చుకున్న పాఠం" అని గొప్పగా చెప్పుకుంటాను. నాది అనుభవం, అతనిది అలవాటు. ఎంత బావుందో చూడండి :)

ఇక అసలు కథకొద్దాం. మా క్లయింటుది ఇన్సూరెన్సు వ్యాపారం. రోజంతా వాళ్ళకొచ్చిన క్లెయిములన్నిటినీ, న్యూయార్క్ టైం ప్రకారం అర్ధరాత్రి దాటిన 5 నిమిషాలకి మా ప్రోగ్రాం ఒకటి లేచి, ఏరి, ఫైలు కట్టి ఇంకో సిస్టమ్‌కి పంపుతుంది. మార్చి 7, గురువారం నాడు దాంట్లో ఒక కొత్త ముక్క రిలీజ్ చేశాం. ఒకే క్లెయిము రెండుసార్లు వస్తే రెండోదాన్ని తీసేసే ముక్క. రాసింది తమ్ముడు. రివ్యూ చేసింది నేను.

12వ తారీకు, మంగళవారం సాయంత్రం క్లయింటు నుంచి మెయిల్. సోమవారం ఫైల్లో 43 క్లెయిములు లేవు. రెండు రోజుల ఫైళ్ళు వెతికినా ఎక్కడా లేవు.

మెయిల్ చదవడం పూర్తయ్యేలోపే నా మనసులో తీర్పు వచ్చేసింది. క్లెయిములు మాయమయ్యాయి. క్లెయిముల్ని తీసేసే కోడ్ గురువారమే పెట్టాం. రాసింది ఫలానా వాడు. ఇక వెతకడానికి ఏముంది? వెంటనే అతని ఫైలు తెరిచాను. తెరిచింది ఆ ఒక్క ఫైలే.

బుధవారం పొద్దున్నకల్లా తమ్ముడు ఓ ఎక్సెల్ షీటు చేసి పంపాడు. ఆ 43 క్లెయిములూ వరసగా, ఎవరిది, ఎంత, ఏ టైంకి వచ్చింది, అన్నీ ఉన్నాయి. నేను షీటు తెరిచి పైనుంచి కింద దాకా చూశాను. ఒకే కస్టమర్ పేరు రెండుసార్లు ఉన్న చోట్లు మూడు దొరికాయి. "ఇదిగో, చెప్పానా! డూప్లికేట్లు అనుకుని మంచివి కూడా తీసేస్తోంది" అన్నాను. మిగిలిన 37 పేర్లూ ఒక్కొక్కసారే ఉన్నాయన్న సంగతి నాకు అడ్డం రాలేదు.

తమ్ముడు నా సీటు దగ్గరకొచ్చి రెండు మాటలు చెప్పాడు. "అన్నా, నా కోడ్ ఏది తీసేసినా లాగ్‌లో రాస్తుంది. ఈ 43లో ఒక్కటి కూడా లాగ్‌లో లేదు."

నేనేమన్నానో తెలుసా? "లాగ్ రాసే లైను కూడా నువ్వు రాసిందేగా తమ్ముడూ."

పక్క సీట్లలో వాళ్ళు నవ్వారు. అతనూ నవ్వాడు. నవ్వాక రెండో మాట చెప్పాడు. "ఇంకోటన్నా, ఇవన్నీ రాత్రి పన్నెండుకీ ఒంటి గంటకీ మధ్యలో వచ్చినవే."

"ఊఁ, చూద్దాం" అన్నాను. చూడలేదు.

ఆ మధ్యాహ్నం అతని కోడ్ వెనక్కి తీసేశాం. గురువారం వచ్చిన ఫైల్లో మళ్ళీ 39 లేవు. ఇక్కడైనా బుద్ధి రావాలి కదా. కోడ్ తీసేసినా రోగం పోలేదంటే రోగం ఆ కోడ్‌ది కాదన్నమాట. ఈ మాత్రం తర్కం నాకు తెలీదని కాదు. కానీ నా నోటి నుంచి వచ్చిన మాట ఇంకోటి: "రోల్‌బ్యాక్ సరిగ్గా చేసుండడు."

శుక్రవారం అప్రైజల్ ఫారాలకి ఆఖరి రోజు. సీనియర్లు జూనియర్ల గురించి నాలుగు ముక్కలు రాయాలి. ఇంగ్లీషులో మర్యాదగా ఉండే వాక్యం ఒకటి దొరకబుచ్చుకుని, పనిలో జాగ్రత్త ఇంకా పెరగాలి, వివరాల మీద శ్రద్ధ చాలట్లేదు అని అర్థం వచ్చేలా రాసి పంపేశాను. వివరాల మీద శ్రద్ధ అట! 43 క్లెయిముల టైములు కూడా చూసి మొత్తం గుట్టు విప్పి నా ముందు పెట్టినవాడికి నేనిచ్చిన సర్టిఫికెట్ అది.

శనివారం పొద్దున న్యూజెర్సీ నుంచి మా అక్క ఫోన్ చేసింది. అవీ ఇవీ మాట్లాడుతూ, "టైం మారింది కదరా, వారం నుంచీ వీడు పొద్దున్నే లేవట్లేదు. స్కూల్ బస్సుకి రోజూ కుస్తీయే" అంది మేనల్లుడి గురించి. నేను ఊఁ కొడుతూ టిఫిన్ తింటున్నాను. ఉన్నట్టుండి ఇడ్లీ గొంతులో అడ్డం పడింది.

టైం మారింది. మార్చి 10, ఆదివారం నాడు. గంట ముందుకి. పన్నెండుకీ ఒంటి గంటకీ మధ్య!

లాప్‌టాప్ తెరిచి చూస్తే, 2023 డిసెంబరులో నేను రాసిన ఫంక్షన్ ఒకటి నన్నే చూస్తోంది. న్యూయార్క్ టైంని యూటీసీలోకి మార్చడానికి, కలపాల్సింది 5 గంటలు అని అంకె వేసి కూర్చోబెట్టాను. చలికాలంలో అది నిజమే. మార్చిలో గడియారం జరిగాక ఆ తేడా 4 గంటలే. దాంతో నా ప్రోగ్రాం దృష్టిలో రోజు మొదలయ్యేది అర్ధరాత్రి కాదు, ఒంటి గంటకి. ముందు రోజు లెక్క ఒంటి గంట దాకా ఉన్నట్టే గానీ, ఆ ఫైలు 12:05కే కట్టేస్తుంది. మధ్యలో 55 నిమిషాల పాటు వచ్చిన క్లెయిములు అటు ముందు రోజుకీ కాక, ఇటు ఆ రోజుకీ కాక గాలిలో కలిసిపోయాయి. డిసెంబరులో రాశాను కాబట్టి నేను పెట్టిన టెస్టులన్నీ పచ్చగా పాసయ్యాయి.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారే, అదీ నా సంగతి. కాకపోతే ఆ సామెతలో పాపం ఎవరికీ నష్టం లేదు. నేను పిల్ల కోసం వెతుకుతూ పక్కింటివాణ్ణి దొంగని చేశాను.

ఇంకో విచిత్రం చెప్పనా? ఆ వారమంతా మా కాల్ ఆరున్నరకే మొదలైంది. నేనే టీమ్ గ్రూపులో "ఇవాళ్టి నుంచి తొందరగా ఇంటికి" అని మెసేజ్ పెట్టాను, చప్పట్ల బొమ్మతో సహా. అంటే గడియారం జరిగిందన్న సంగతి నాకు తెలుసు. ఒంటి గంట లోపు క్లెయిములే పోయాయన్న సంగతి చెవిన పడింది. ఫంక్షన్ రాసిందీ నేనే. మూడూ ఒకే బుర్రలో ఉన్నాయి. అయినా ఐదు రోజుల పాటు ఒకదాన్నొకటి పలకరించుకోలేదు. ఎందుకంటే అక్కడ కేసు అప్పటికే కొట్టేశారు, దోషి దొరికేశాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఇదే పురుగు బుర్ర తొలిచింది. చూసి కూడా చూడకపోవడం ఎలా కుదురుతుంది? దీని మీద జరిగిన ప్రయోగాలు కొన్ని చదివాను. గొరిల్లా వీడియో సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ చాబ్రిస్ అనే ఇద్దరు 1999లో అచ్చువేసిన ప్రయోగం అది. బంతి ఎన్నిసార్లు చేతులు మారిందో లెక్కపెట్టమంటే, మధ్యలోంచి నడుచుకుంటూ పోయిన గొరిల్లా వేషం మనిషిని దాదాపు సగం మంది చూడనే లేదు. మనకి ఆఫీసు ట్రైనింగుల్లో చూపించి చూపించి అరగదీసేశారు దాన్ని.

నన్ను కుదిపింది దాని తమ్ముడు. 2013లో ట్రాఫ్టన్ డ్రూ, ఇంకో ఇద్దరు కలిసి అదే గొరిల్లాని డాక్టర్ల ముందు పెట్టారు. స్కాన్‌లు చూడటమే వృత్తిగా ఉన్న 24 మంది రేడియాలజిస్టులకి ఊపిరితిత్తుల సీటీ స్కాన్‌లు ఇచ్చి కణుతులు వెతకమన్నారు. చివరి స్కాన్‌లో ఓ చిన్న గొరిల్లా బొమ్మ అతికించారు. మామూలు కణితి కన్నా 48 రెట్లు పెద్దది. 24లో 20 మందికి అది కనపడలేదు. వాళ్ళ చూపు ఎటు పోతోందో కెమెరాతో పట్టుకుంటే ఇంకో సంగతి బయటపడింది. కనపడలేదన్న ఆ 20 మందిలో 12 మంది కళ్ళు సరిగ్గా గొరిల్లా ఉన్న చోటికే వెళ్ళాయి. చూపు దాని మీద వాలింది. మనసుకి మాత్రం అందలేదు.

తమ్ముడి షీట్లో ఆ టైము గడి మీదుగా నా కళ్ళు ఎన్నిసార్లు వెళ్ళి ఉంటాయి? 43 సార్లు వెళ్ళి ఉంటాయి. నేను వెతుకుతున్నది డూప్లికేట్లని. కాబట్టి డూప్లికేట్లే కనపడ్డాయి.

ఇదంతా ఏకాగ్రత గొడవ, ఒక పని మీద దృష్టి పెడితే ఇంకోటి తప్పిపోవడం సహజం అని సర్దిచెప్పుకుందామనుకున్నాను. కానీ ఇంకో ప్రయోగం ఆ ఆశ కూడా లేకుండా చేసింది. జాన్ డార్లీ, పాజెట్ గ్రాస్ అనే ఇద్దరు 1983లో ప్రచురించింది. కాలేజీ విద్యార్థులకి హానా అనే నాలుగో తరగతి పిల్ల వీడియో చూపించారు. కొందరికి ఆ పిల్ల డబ్బున్న పేటలో పెరుగుతున్నట్టు, కొందరికి పేద పేటలో పెరుగుతున్నట్టు. ఇంతవరకే చూసినవాళ్ళని ఆ పిల్ల చదువు ఏ స్థాయిలో ఉంటుందంటే, అటూ ఇటూగా వయసుకి తగ్గట్టే ఉంటుందని చెప్పారు. పేట చూసి పిల్ల తెలివిని తేల్చెయ్యకూడదని అందరికీ తెలుసు మరి. మిగిలినవాళ్ళకి దాంతోపాటు ఆ పిల్ల పరీక్షలో జవాబులు చెప్తున్న వీడియో కూడా చూపించారు. అందరికీ ఒకటే వీడియో. అందులో కొన్ని కష్టమైనవి చెప్తుంది, కొన్ని తేలికైనవి తప్పుతుంది. అది చూశాక డబ్బున్న పిల్ల అనుకున్నవాళ్ళు మార్కులు పెంచారు, పేద పిల్ల అనుకున్నవాళ్ళు తగ్గించారు. మొదటివాళ్ళకి ఒప్పు జవాబులు బాగా గుర్తున్నాయి, రెండోవాళ్ళకి తప్పులు.

ఆగి ఆలోచిస్తే భయం వేస్తుంది. సాక్ష్యం లేనప్పుడు జనం జాగ్రత్తగానే ఉన్నారు. సాక్ష్యం చేతికి వచ్చాకే పక్షపాతం బయటికొచ్చింది, అదీ "నేను కళ్ళారా చూశాను" అన్న ధీమాతో. తమ్ముడి గురించి "తెలుగు మీడియం వాడు, ఇంగ్లీషు రాదు, కోడ్ కూడా అంతే" అని ఎవరైనా నాతో అనుంటే వాళ్ళతో పోట్లాడి ఉండేవాణ్ణి, ఒట్టు. నాకలాంటి పట్టింపులు లేవనే నా నమ్మకం. కానీ ఆ కాల్‌లో మ్యూట్ తీసి మళ్ళీ పెట్టుకునే మనిషి, ఆ రీస్టార్ట్ చేసిన మనిషి, ఇవన్నీ లోపల ఎక్కడో పోగుపడి ఉన్నాయి. ఎక్సెల్ షీటు అనే సాక్ష్యం వచ్చాక అవన్నీ లేచి దానికి అర్థం చెప్పాయి. అదే షీటు, అదే మాట, మా ఆర్కిటెక్ట్ నోటి నుంచి స్వచ్ఛమైన ఇంగ్లీషులో వచ్చుంటే? ఆ పన్నెండూ ఒంటి గంటా అన్న ముక్క దగ్గర నేను ఠక్కున ఆగి ఉండేవాణ్ణి. నాకు ఖచ్చితంగా తెలుసు.

మన ప్రోగ్రాములూ మనలాంటివే. దీనికి ఓ పెద్ద ఉదాహరణ ఉంది. 1978లో నాసా పంపిన నింబస్-7 ఉపగ్రహం మీద ఓజోన్ కొలిచే పరికరం ఒకటి ఉండేది. దాని లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్‌లో, 180 డాబ్సన్ యూనిట్ల కన్నా తక్కువ వస్తే ఆ కొలతని అనుమానించాలని గుర్తు పెట్టేలా రాశారు. అప్పటిదాకా అంత తక్కువ ఎవరూ చూడలేదు కాబట్టి అది సబబే. 1983 అక్టోబరులో అంటార్కిటికా మీద కొలతలు 180 దిగువకి పడిపోయాయి. సాఫ్ట్‌వేర్ గుర్తులు పెట్టుకుంటూ పోయింది. దక్షిణ ధ్రువం దగ్గర నేల మీది పరికరం ఏమంటోందో చూస్తే, అది 300 అంటోంది. తర్వాత తేలిందేమిటంటే, ఆ నేల మీది లెక్కే తప్పు. వాళ్ళు ఈ తేడా ఏమిటో తేల్చుకుంటూ ఉండగానే, 1985 మేలో జోసెఫ్ ఫార్మన్, బ్రయన్ గార్డినర్, జొనాథన్ షాంక్లిన్ అనే ముగ్గురు బ్రిటిష్ శాస్త్రవేత్తలు, అంటార్కిటికాలో హేలీ స్టేషన్ దగ్గర నేల మీంచి తీసిన కొలతలతో ఓజోన్ తగ్గిపోతోందని లోకానికి చెప్పేశారు. కంప్యూటరే ఆ డేటాని పారేసిందని ఓ కథ ప్రచారంలో ఉంది గానీ, పారెయ్యలేదు. డేటా భద్రంగానే ఉంది. దాని పక్కన "అనుమానం" అని చీటీ ఉందంతే.

చీటీ. నేను తమ్ముడి పేరు పక్కన పెట్టింది కూడా అదే. అతను ఇచ్చే ప్రతి సమాచారం నా దగ్గరికి ఆ గుర్తుతోనే వచ్చేది. నేను పారెయ్యలేదు, షీటు నా మెయిల్ బాక్సులో భద్రంగానే ఉంది.

ఆ శనివారమే తమ్ముడికి ఫోన్ చేశాను. బగ్ నాది అని చెప్పాను. అటువైపు ఓ క్షణం ఏమీ వినపడలేదు. తర్వాత అన్నాడు, "పర్లేదన్నా. నువ్వు షీటు తెరిచావని తెలిసింది. చూసే ఉంటావు, ఇంకేదో కారణం ఉండుంటుంది, నాకే అర్థం కాలేదేమో అనుకున్నా."

అతను తిట్టుంటే బావుండేది. నేను అతన్ని ఎంత తక్కువగా చూశానో, అతను నన్ను అంత ఎక్కువగా చూశాడు. ఇద్దరికీ ఉన్నది ఒకటే జబ్బు. "సీనియర్ చూశాడంటే కరెక్టే అయ్యుంటుంది" అన్న నమ్మకంతో, తన చేతిలో ఉన్న నిజాన్ని తనే అనుమానించాడు. పచ్చకామెర్లు నాకు మాత్రమే కాదు, ఆ ఆఫీసు గాలికే వచ్చినట్టుంది.

సోమవారం టీమ్ మొత్తానికి, క్లయింటుతో సహా, తప్పు నాదని మెయిల్ పెట్టాను. ఫంక్షన్ సరిచేసి, ఆ గంటల అంకె పీకేసి, న్యూయార్క్ టైం జోన్ పేరే వాడాను. పోయిన క్లెయిములన్నీ మళ్ళీ పంపాం, క్లయింటు పెద్దగా ఏమీ అనలేదు. కానీ మేనేజర్ దగ్గరికెళ్ళి ఆ ఫారం వెనక్కి తీసుకుంటానంటే, "సిస్టమ్ క్లోజ్ అయిపోయింది, రేటింగులు పైకి వెళ్ళిపోయాయి. నెక్స్ట్ ఇయర్ చూసుకుందాంలే" అన్నాడు. రెండుసార్లు అడిగాను, హెచ్‌ఆర్‌కి కూడా రాశాను. ఏమీ కదల్లేదు. ప్రొడక్షన్‌లో కోడ్‌ని రోల్‌బ్యాక్ చెయ్యొచ్చు గానీ, మనిషి మీద రాసినదాన్ని చెయ్యలేం. ఆ ఏడాది అతనికి వచ్చిన హైక్ చూశాక నాకొచ్చిన హైక్ గురించి ఎవరికీ చెప్పబుద్ధి కాలేదు.

మరి దీనికి మందేమిటి? పీటర్ వేసన్ అనే ఆయన 1960లో ఓ ప్రయోగం ప్రచురించాడు. 2, 4, 6 అని మూడు అంకెలిచ్చి, వీటి వెనక ఓ నియమం ఉంది, కనుక్కోండి, మీరు ఏ మూడు అంకెలు చెప్పినా అవి ఆ నియమానికి సరిపోతాయో లేదో చెప్తా అన్నాడు. జనం 8, 10, 12 అన్నారు. అవును అన్నాడు. 20, 22, 24 అన్నారు. అవును. ఇంకేం, రెండేసి పెరిగే అంకెలు అని ప్రకటించేశారు. తప్పు. నియమం, అంకెలు పెరుగుతూ పోవాలి, అంతే. 1, 2, 50 అన్నా అవుననేవాడు. తమ ఊహ తప్పయితే ఏమవుతుందో చూద్దామని అడిగినవాళ్ళు తక్కువ. "అవును" అని వినడానికే ఎక్కువమంది అడిగారు.

నేనూ ఆ వారమంతా "అవును" వినడానికే లాగ్‌లు తెరిచాను. అందుకని ఇప్పుడు ఓ చిన్న అలవాటు చేసుకున్నాను. ఏదైనా బగ్ వస్తే, లాగ్ తెరవకముందే కాగితం మీద రెండు లైన్లు రాస్తాను. ఒకటి, నా అనుమానం ఏమిటి. రెండు, ఆ అనుమానం తప్పయితే నాకు లాగ్‌లో ఏం కనపడాలి. ఆ రెండో లైనుకి సమాధానం ముందు వెతుకుతాను. ఆ రోజు కూడా "తప్పు తమ్ముడిది కాకపోతే, పోయిన క్లెయిములు అతని లాగ్‌లో ఉండవు" అని ఒక్క లైను రాసుకుని ఉంటే చాలు, బుధవారం పొద్దున్నే సగం తేలిపోయేది. ఇంకోటి, మీటింగుల్లో అందరికన్నా జూనియర్‌ని ముందు మాట్లాడమంటాను. మనం చెప్పాక వాళ్ళకి కూడా మనం చెప్పిందే కనపడుతుంది కాబట్టి. వాళ్ళు మ్యూట్ తీసి ఆలోచిస్తుంటే, ఆ ఖాళీలోకి దూరకుండా నోరు మూసుకుని కూర్చోవడం నేర్చుకుంటున్నాను. ఇది అన్నిటికన్నా కష్టంగా ఉంది.

అదే ఏడాది అక్టోబరు ఆఖర్లో తమ్ముడు మెయిల్ పెట్టాడు. "అన్నా, నవంబరు 3న అమెరికాలో టైం మళ్ళీ మారుతుంది. ఆ రోజుకీ, వచ్చే మార్చి రోజుకీ టెస్టులు రాశాను. చూడు." చూశాను. ఈసారి ప్రతి లైనూ.

ఇక్కడితో ఆపేస్తే నేనేదో మారిపోయినట్టు బావుంటుంది. కానీ ఇంకో ముక్క ఉంది. 2025 జూన్‌లో ఓ రిలీజ్ తర్వాత ప్రొడక్షన్‌లో ఏదో తేడా వచ్చింది. ఆ రిలీజ్‌లో నలుగురం కోడ్ రాశాం. కాగితం తీసుకున్నాను, కలం తీసుకున్నాను, రెండు లైన్లూ రాశాను. అంతా పద్ధతి ప్రకారమే. రాశాక తలెత్తి స్క్రీన్ చూస్తే, దాని మీద అప్పటికే ఓ ఫైలు తెరిచి ఉంది. కాగితం కోసం చెయ్యి చాచేముందే నేనే తెరిచాను, నాకు తెలీకుండా.

నలుగురిలో అది ఎవరి ఫైలో మీకు చెప్పక్కర్లేదనుకుంటా.